వేట, పక్షులు, బైనాక్యులర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

పక్షుల్ని చూసేవాళ్లకీ వేటాడేవాళ్లకీ మధ్య మాట మొదలైతే కాసేపటికే గొడవ దగ్గర తేలుతుంది. ఆ గొడవల్లో పదే పదే వచ్చే ప్రశ్నలు కొన్ని, కొత్తగా బైనాక్యులర్ కొనుక్కున్నవాళ్లు అడిగేవి కొన్ని ఇక్కడ ఒకచోట పెట్టాను. నేను వేటాడను, పక్షుల్ని చూస్తాను, కాబట్టి నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తున్నాను. అయినా వేట వల్ల మేలు జరిగిన చోట జరిగిందనే రాశాను. నాకు ముఖ్యమైంది ఒకటే, ఆ పక్షికి నిలవడానికి నేల, నీళ్లు మిగిలాయా లేదా అన్నది.

వేటగాళ్లు వన్యప్రాణుల్ని కాపాడుతున్నారంటే నమ్మాలా?

కొన్ని చోట్ల నమ్మాల్సిందే. అమెరికాలో 1930లలో కరువొచ్చి, దానికితోడు సాగు కోసం చిత్తడి నేలల్ని ఎండగట్టేయడంతో బాతులు ఘోరంగా తగ్గిపోయాయి. 1934లో అక్కడ 'డక్ స్టాంప్' తెచ్చారు. పదహారేళ్లు దాటినవాళ్లు ఎవరైనా నీటిబాతుల్ని వేటాడాలంటే ఆ స్టాంప్ కొనాలి, దాని మీద వచ్చే ప్రతి డాలర్‌లో 98 సెంట్లు చిత్తడి నేలలు కొనడానికో, కౌలుకి తీసుకుని కాపాడడానికో పోతాయి. 1937లో ఇంకో చట్టం వచ్చింది. తుపాకుల మీద, తూటాల మీద వేసే పన్నుని (రైఫిళ్లకి 11 శాతం) నేరుగా రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకి ఇచ్చేయాలని.

ఫలితం ఏంటో 2019లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో కనిపిస్తుంది. 1970 నుంచి చూస్తే ఉత్తర అమెరికాలో దాదాపు 300 కోట్ల పక్షులు తగ్గిపోయాయి, అంటే పదింటిలో మూడు లేవు. గడ్డి మైదానాల పక్షులైతే సగానికి పైగా పోయాయి. అదే కాలంలో బాతులు మాత్రం పెరిగాయి. బాతుల కోసం డబ్బు కట్టేవాళ్లు ఉన్నారు, చెరువులు కొన్నారు, నీళ్లు నిలబెట్టారు. గడ్డిలో బతికే చిన్న పిట్టల కోసం అలా ఏటా కట్టినవాళ్లు లేరు. పక్షి ప్రేమికులుగా మనం ఈ లెక్కని సూటిగా చూడాలి. మనం లక్షల్లో ఉన్నాం, వాటి కోసం మనం కడుతున్నది ఎంత? డక్ స్టాంప్ వేటాడనివాళ్లూ కొనొచ్చు, అక్కడ పక్షుల్ని చూసేవాళ్లు కొందరు కొంటారు కూడా. ఆ కొనేవాళ్ల సంఖ్య ఇంకా పెరగాలన్నది నా కోరిక.

చంపుతూ కాపాడడం ఎలా కుదురుతుంది?

అన్ని జీవులకీ కుదరదు, అసలు విషయం అదే. బాతు ఒక విడతలో ఎనిమిది పది గుడ్లు పెడుతుంది. ఆ పిల్లల్లో చాలావరకు ఆకలికో, చలికో, నక్కకో ఎలాగూ పోతాయి. అలా పోయేవాటిలో కొన్నిటిని వేటగాడు తీసుకుంటే వచ్చే వసంతానికి మిగిలే సంఖ్య పెద్దగా మారదు. ఆ గీత దాటితే మాత్రం వేట అదనపు చావవుతుంది, సంఖ్య పడిపోతుంది. ఆ గీత ఎక్కడుందో లెక్కపెట్టకుండా ఎవరికీ తెలియదు. అమెరికా, కెనడాల్లో 1955 నుంచి ఏటా విమానాల్లో తిరిగి బాతుల్ని లెక్కపెడుతున్నారు, ఎన్ని రోజులు వేట, ఒక్కొక్కరు ఎన్ని కొట్టొచ్చు అన్నది ఆ లెక్కని బట్టే నిర్ణయిస్తారు.

ఇక నెమ్మదిగా పెరిగే జీవుల సంగతి. కాలిఫోర్నియా కాండోర్ అనే పెద్ద రాబందు లాంటి పక్షి ఒక్కసారికి ఒక్క గుడ్డే పెడుతుంది, అదీ మామూలుగా రెండేళ్లకోసారి. ఏనుగు ఇరవై రెండు నెలలు మోస్తుంది. ఇలాంటివాటిలో కొద్దిపాటి అదనపు చావులు కూడా ఏళ్ల తరబడి పూడవు. 'మిగులు' అనే మాట వీటికి అసలు వర్తించదు.

ప్యాసింజర్ పావురం సంగతి చాలామందికి తెలుసు, అయినా చెప్పాలి. ఉత్తర అమెరికాలో కోట్లు కాదు, వందల కోట్లలో ఉండేవి, గుంపు ఎగురుతుంటే గంటల తరబడి ఆకాశం కనిపించేది కాదని అప్పటివాళ్లు రాశారు. కానీ అదీ ఒక్క గుడ్డే పెట్టే పక్షి. టెలిగ్రాఫ్ వచ్చాక గుంపు ఎక్కడ దిగిందో దూరాన ఉన్న వేటగాళ్లకి క్షణాల్లో తెలిసిపోయేది, రైళ్లలో పీపాలకొద్దీ మాంసం నగరాలకి వెళ్లేది. 1914 సెప్టెంబర్ 1న సిన్సినాటి జూలో మార్తా అనే ఆడపావురం చనిపోవడంతో ఆ జాతి అయిపోయింది. అప్పట్లో సీజన్ లేదు, పరిమితి లేదు, లెక్క లేదు. "ఇన్ని ఉన్నాయి కదా, ఏం కాదులే" అన్న మాట ఎక్కడ విన్నా నాకు టెన్షన్ మొదలవుతుంది.

అయితే వేటని పూర్తిగా నిషేధిస్తే సరిపోతుంది కదా?

లెక్కా, నిఘా లేని చోట నిషేధమే మంచిదని నా అభిప్రాయం. భారత్ 1972 చట్టంతో వేటని దాదాపు పూర్తిగా ఆపింది, కెన్యా 1977లో ఆపింది. కానీ నిషేధంతో పని అయిపోయింది అనుకుంటేనే ప్రమాదం. కెన్యాలో 1977 నుంచి 2016 దాకా చేసిన లెక్కల్లో పెద్ద అడవి జంతువులు సగటున 68 శాతం తగ్గాయి. నిషేధం వల్ల తగ్గాయని కాదు. మనుషులు, పశువులు, కంచెలు పెరిగాయి, మేత నేల ముక్కలైంది, దొంగవేట ఆగలేదు. భారత్‌లో బట్టమేకపిట్టని కొట్టడం నేరం. అయినా ఇప్పుడవి నూటయాభై కూడా లేవు. గడ్డి మైదానాలు పోయాయి, మిగిలినచోట కరెంటు తీగలకి తగిలి చచ్చిపోతున్నాయి. అది బరువైన పక్షి, ఎదురుగా ఉన్నదాన్ని సరిగ్గా చూడలేదు, తీగ కనిపించేసరికి తప్పుకునే టైమ్ ఉండదు.

తుపాకీ లేకుండా అంతగా చచ్చిపోతాయా?

రాబందుల్ని చూడండి. దక్షిణాసియాలో వాటిని ఎవరూ వేటాడలేదు. 1990లలో ఉన్నట్టుండి కుప్పకూలాయి, తెల్లవీపు రాబందులు 99 శాతానికి పైగా పోయాయి. 2004లో కారణం దొరికింది. పశువులకి నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ మందు. ఆ మందు ఇచ్చిన పశువు చచ్చాక దాని మాంసం తిన్న రాబందుకి మూత్రపిండాలు పాడై రోజుల్లోనే ప్రాణం పోతుంది. 2006లో భారత్, పాకిస్తాన్, నేపాల్ పశువైద్యంలో ఆ మందుని నిషేధించాయి. బదులుగా మెలోక్సికామ్ ఉంది, అది రాబందులకి హాని చేయదు. ఇంత నష్టం జరిగింది ఒక ఇంజెక్షన్ వల్ల, అదీ పశువుకి మేలు చేద్దామని ఇచ్చిందే.

ఇక పిల్లులు. ఒక్క అమెరికాలోనే ఏటా 130 కోట్ల నుంచి 400 కోట్ల పక్షుల్ని పిల్లులు చంపుతున్నాయని 2013లో ఒక అంచనా వేశారు. అద్దాల కిటికీలకి గుద్దుకుని చచ్చేవి 36 కోట్ల నుంచి దాదాపు వంద కోట్లు. వేటగాడిని తిట్టేముందు మన పిల్లి రాత్రిపూట ఎక్కడ తిరుగుతోందో చూసుకోవాలని సూటిగానే చెబుతాను. పిల్లిని ఇంట్లో ఉంచండి. కిటికీ అద్దానికి బయటివైపు, ఒకదానికొకటి రెండంగుళాల దూరంలో చుక్కలో గీతలో అంటించండి. ఒక్క గద్ద బొమ్మ అతికిస్తే ఉపయోగం లేదు, పక్షి దాని పక్కనుంచి వెళ్లబోయి గుద్దుకుంటుంది.

ట్రోఫీ హంటింగ్ గురించి మీరేమంటారు?

తల గోడకి తగిలించుకోవడం కోసం చంపడం నాకు మింగుడుపడదు. అయితే నమీబియాలో 1996 చట్టం తర్వాత వన్యప్రాణుల మీద హక్కు స్థానిక సంఘాలకి వచ్చింది, పర్యాటకం నుంచీ వేట నుంచీ వచ్చే ఆదాయం వాళ్లకి అందింది, దాంతో పంటనీ పశువుల్నీ పాడుచేసే జంతువుని కూడా ఉండనిద్దాం అనుకున్నవాళ్లున్నారు. పర్యాటకులు రాని మారుమూల నేలల్లో వేట ఆదాయం ఆగిపోతే ఆ భూమి పశువుల మేతకో సాగుకో పోతుంది. దూరాన కూర్చుని నిషేధం అడిగేవాళ్లు ఆ ఆదాయానికి బదులు ఏమిస్తారో కూడా చెప్పాలి.

మరోవైపు జరిగే నష్టమూ నిజమే. సింహాల గుంపులో మగదాన్ని చంపితే కొత్త మగసింహం వచ్చి పాత పిల్లల్ని చంపేస్తుంది, ఒక్క తూటాకి చాలా ప్రాణాలు పోతాయి. అందుకే కొన్ని చోట్ల ఆరేళ్లు దాటిన మగవాటినే కొట్టాలని నియమం పెట్టారు. కెనడాలోని ఆల్బర్టాలో ఒక కొండ మీద బిగ్‌హార్న్ అడవి గొర్రెల్ని దశాబ్దాలపాటు గమనించారు. పెద్ద కొమ్ములున్న పొట్టేళ్లనే ఏరి కొడుతూ పోతే తరాలు గడిచేకొద్దీ కొమ్ములే చిన్నవయ్యాయి. ఎవరు సంతానం కనాలో ప్రకృతి తేల్చే చోట తుపాకీ తేల్చింది. డబ్బు నిజంగా ఊరివాళ్లకి చేరుతోందా, ఎన్ని చంపాలన్నది ఎవరు లెక్కకట్టారు, ఈ రెండూ అడగండి. సమాధానం రాకపోతే అక్కడ సంరక్షణ అన్నది పేరుకే.

దొంగవేట చేసేవాళ్లంతా దుర్మార్గులేనా?

కాదు. ఆకలికి ఉరి పెట్టేవాడు, వ్యాపారానికి వేల పక్షుల్ని వలేసేవాడు ఒకటి కాదు. మధ్యధరా సముద్రం చుట్టుపక్కల ఏటా రెండున్నర కోట్ల పక్షుల్ని చట్టవిరుద్ధంగా చంపడమో పట్టడమో జరుగుతోందని 2015లో అంచనా వేశారు. సన్నటి వలలు, జిగురు పూసిన పుల్లలు, రాత్రిళ్లు రికార్డు చేసిన కూతలు పెట్టి వలస పిట్టల్ని కిందికి దించడం, ఇదంతా పద్ధతి ప్రకారం నడిచే వ్యాపారం.

మారిన కథ కూడా ఒకటుంది, నాకు చాలా ఇష్టమైనది. ఆముర్ డేగ అరచేతిలో పట్టేంత చిన్న డేగ. తూర్పు ఆసియాలో పిల్లల్ని చేసి, దక్షిణ ఆఫ్రికా దాకా వెళ్లి చలికాలం గడుపుతుంది, మధ్యలో అరేబియా సముద్రాన్ని ఆగకుండా దాటుతుంది. నాగాలాండ్‌లోని దొయాంగ్ జలాశయం దగ్గర లక్షల్లో దిగుతాయి. 2012లో అక్కడ వేలకొద్దీ వలల్లో పట్టి చంపుతున్నారని వీడియో బయటికొచ్చింది. కేసులు పెట్టి వదిలేసి ఉంటే మరుసటేడు మళ్లీ అదే జరిగేదేమో. గ్రామ సభలు, చర్చిలు, యువకులు, అటవీ శాఖ, పక్షి నిపుణులు కలిసి కూర్చున్నారు, ఊళ్లే వలలు తీసేయాలని నిర్ణయించుకున్నాయి. 2013 సీజన్‌లో అక్కడ ఒక్క డేగనీ పట్టలేదు. అదే ఏడాది కొన్నిటికి శాటిలైట్ ట్యాగ్‌లు కట్టి వాటికి నాగా, వోఖా, పాంగ్టి అని ఆ ప్రాంతం పేర్లే పెట్టారు. ఒక ఊరి పేరున్న పక్షి ఆఫ్రికాకి వెళ్లి తిరిగొస్తుంటే ఆ ఊరు దాన్ని వలలో వేస్తుందా?

వేటలో వాడే సీసం వల్ల నష్టం ఏంటి? చంపాలనుకున్నది ఎలాగూ చచ్చింది కదా?

గురి తప్పిన సీసపు గుండ్లు నీటి అడుగున బురదలో పడతాయి. బాతులు గింజలు నూరుకోవడానికి చిన్న రాళ్లు మింగుతాయి, వాటితోపాటు ఈ గుండ్లనీ మింగేస్తాయి. కందనకాయలో అవి అరిగి సీసం రక్తంలోకి వెళుతుంది, కొద్ది గుండ్లే చాలు బాతు చావడానికి. ఇక జింకని కొట్టిన సీసపు తూటా లోపల ముక్కలు ముక్కలవుతుంది. వేటగాడు అడవిలో వదిలేసిన పేగుల్ని గద్దలు, కాండోర్లు తిని విషం ఎక్కించుకుంటాయి. 1987 నాటికి ప్రపంచంలో మిగిలిన కాలిఫోర్నియా కాండోర్లు 27, అన్నిటినీ పట్టుకుని సంరక్షణలో పెంచారు. ఇప్పుడు ఐదు వందలు దాటాయి గానీ, బయట వదిలినవాటిని ఎక్కువగా చంపుతున్నది ఇప్పటికీ సీసమే.

దీనికి పరిష్కారం ఉంది కాబట్టే నేను గట్టిగా అడుగుతాను. నీటిబాతుల వేటలో సీసాన్ని అమెరికా 1991లో ఆపింది, డెన్మార్క్ 1996లో సీసపు గుండ్లని మొత్తంగా ఆపింది, యూరోపియన్ యూనియన్ 2023 నుంచి చిత్తడి నేలల్లో ఆపింది, కాలిఫోర్నియా 2019 నుంచి అన్ని రకాల వేటలోనూ సీసం వద్దంది. ఉక్కు గుండ్లు తేలిక కాబట్టి కాస్త పెద్ద సైజు వాడాలి, దగ్గర్నుంచి కొట్టాలి, పాత తుపాకీ అయితే గొట్టం తట్టుకుంటుందో లేదో చూపించుకోవాలి. అంతకుమించి కష్టం లేదు. నేను వన్యప్రాణుల్ని ప్రేమిస్తానని చెప్పే వేటగాడు సీసం వాడుతుంటే ఆ మాట నమ్మలేను.

పక్షుల్ని చూడ్డం మొదలుపెట్టాలంటే ఏ బైనాక్యులర్?

8x42. ఎనిమిది అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, 42 అంటే ముందు అద్దం వ్యాసం మిల్లీమీటర్లలో. పది రెట్లది ఇంకా మంచిదనుకుంటారు గానీ, చేతి వణుకు కూడా అంతే పెద్దగా కనిపిస్తుంది, చూసే మేర తగ్గుతుంది, పొదలో కదిలే పిట్టని పట్టుకునేలోపు అది వెళ్లిపోతుంది. కళ్లద్దాలు ఉన్నవాళ్లు ఐ రిలీఫ్ (బైనాక్యులర్ అద్దానికీ కంటికీ మధ్య ఉండాల్సిన దూరం) 15 మిల్లీమీటర్లకి తగ్గనిది చూసుకోవాలి. వాడేటప్పుడు పక్షి మీద నుంచి చూపు తిప్పకుండా బైనాక్యులర్‌ని కళ్ల దగ్గరికి తెచ్చుకోండి. కిందికి చూసి, ఎత్తి, వెతికితే దొరకదు. దాంతో సూర్యుణ్ని మాత్రం ఎప్పుడూ చూడకండి.

పేర్లు గుర్తుపట్టడం ఎలా?

రంగుతో మొదలుపెట్టకండి, వెలుతురు మోసం చేస్తుంది. పిచ్చుకంతా, కాకంతా అన్న సైజు, ముక్కు ఆకారం, తోక ఆడించే తీరు, నేల మీద గెంతుతోందా నడుస్తోందా, ఇవి ముందు చూడండి. మీ చుట్టూ రోజూ కనిపించే పాతిక పక్షుల్ని బాగా నేర్చుకుంటే కొత్తది వచ్చినప్పుడు వెంటనే తెలుస్తుంది. మెర్లిన్ లాంటి యాప్ కూత విని పేరు చెబుతుంది, వాడండి, కానీ పక్షిని కళ్లతో చూడకుండా యాప్ చెప్పిందని రాసేయకండి.

మేం ఫొటోలే తీస్తాం, మా వల్ల పక్షికి నష్టమేంటి?

ఉంటుంది, నాకు ఎక్కువ కోపం వచ్చేది ఇక్కడే. గూటికి దగ్గరగా వెళితే తల్లి లేచిపోతుంది, గుడ్లు ఎండకి ఉడుకుతాయి, లేదా మీరు వెళ్లిన దారినే కాకి గూడు పసిగడుతుంది. గూడు బాగా కనపడాలని కొమ్మలు విరిచేవాళ్లున్నారు, ఆ నీడే ఆ పిల్లలకి ప్రాణం. ఫోన్లో కూత పెట్టి పిలిస్తే ఆ మగపక్షి తన చోటుకి శత్రువు వచ్చాడనుకుని మేత మానేసి మీ చుట్టూ తిరుగుతుంది. ఒకరి తర్వాత ఒకరు రోజంతా అదే చేస్తే దాని పరిస్థితి ఏంటి?

ఒడ్డున వాలిన గుంపుని ఎగిరే ఫొటో కోసం లేపడం కూడా మానాలి. 2022 అక్టోబర్‌లో ఐదు నెలల వయసున్న, ఒడ్డుల్లో మేసే బార్ టెయిల్డ్ గాడ్‌విట్ ఒకటి అలాస్కా నుంచి ఆస్ట్రేలియాలోని టాస్మానియా దాకా 13,560 కిలోమీటర్లు 11 రోజుల్లో ఎక్కడా ఆగకుండా ఎగిరింది. అలాంటి ప్రయాణానికి కొవ్వు కూడబెట్టుకునేది ఆ ఒడ్డుమీదే. మీరు లేపిన ప్రతిసారీ అందులో కొంత ఖర్చవుతుంది. అరుదైన పక్షి గూడు ఎక్కడుందో లొకేషన్‌తో సహా సోషల్ మీడియాలో పెట్టకండి, దాన్ని చూసేవాళ్లలో పిల్లల్ని ఎత్తుకెళ్లి అమ్మేవాళ్లూ ఉంటారు.

నేను రాసుకునే లిస్టుకి విలువ ఉందా?

చాలా ఉంది. ఒకప్పుడు అమెరికాలో క్రిస్మస్ రోజున జట్లుగా విడిపోయి ఎవరు ఎక్కువ చంపుతారో పోటీపడేవాళ్లు. 1900లో ఫ్రాంక్ చాప్‌మన్ అనే పక్షి శాస్త్రవేత్త చంపడం మాని లెక్కపెడదాం అన్నాడు. ఆ ఏడు 27 మంది 25 చోట్ల లెక్కపెట్టారు, అది ఇప్పటికీ ఏటా నడుస్తోంది. 2002లో మొదలైన, పక్షుల లిస్టులు రాసే వెబ్‌సైట్ ఈబర్డ్‌లో ఇప్పుడు ప్రపంచంలో ఎక్కణ్నుంచైనా రాయొచ్చు. పైన చెప్పిన 300 కోట్ల లెక్క తేలిందీ ఎక్కువగా ఇలా మామూలు మనుషులు ఏళ్లతరబడి రాసిన లిస్టుల వల్లే.

ఒకటే మనవి. చూసినవన్నీ రాయండి, కాకిని కూడా. అరుదైనవే రాస్తే కాకులు తగ్గాయో లేదో ఎప్పటికీ తెలియదు. ఎంతసేపు, ఎంత దూరం తిరిగారో రాయండి. ఏమీ కనిపించని రోజు కూడా సమాచారమే.

కింద పడిన పక్షిపిల్ల కనిపిస్తే ఇంటికి తీసుకెళ్లాలా?

ఈకలు వచ్చి, గెంతుతూ ఉంటే వదిలేయండి. ఎగరడం నేర్చుకుంటోంది, తల్లిదండ్రులు దగ్గర్లోనే ఉంటాయి. పిల్లులు, కుక్కలు ఉంటే పక్కనున్న పొదలో పెట్టండి చాలు. ఈకలు రాని పిల్ల అయితే గూట్లో తిరిగి పెట్టండి. మనిషి ముట్టుకుంటే తల్లి దగ్గరికి రానివ్వదన్నది నిజం కాదు. గాయమైతే గాలాడే అట్టపెట్టెలో, చీకటిగా, వెచ్చగా ఉంచి వన్యప్రాణుల వైద్యం తెలిసినవాళ్లకి అప్పగించండి. నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

దొంగవేట కళ్లముందే జరుగుతుంటే?

ఎదురెళ్లకండి, వాళ్ల చేతిలో ఆయుధం ఉంటుంది. చోటు, టైమ్, ఎంతమంది, బండి నంబర్ గుర్తుపెట్టుకుని అటవీ శాఖకో పోలీసులకో చెప్పండి. ఉరులు, వలలు కనిపిస్తే ముందు ఫొటో తీయండి, సాక్ష్యం అదే.

కాలికి రింగ్ ఉన్న పక్షి కనిపించింది, ఏం చేయాలి?

1899లో డెన్మార్క్‌లో మోర్టెన్సెన్ అనే ఉపాధ్యాయుడు స్టార్లింగ్ అనే, గోరింక లాంటి పిట్టల కాళ్లకి అల్యూమినియం రింగులు నంబర్లు వేసి తొడగడంతో ఈ పని పద్ధతిగా మొదలైంది. బాతులు ఏ దారిన వలస వెళతాయో మనకి తెలిసిందాంట్లో పెద్ద భాగం వేటగాళ్లు తాము కొట్టిన బాతుల కాళ్ల రింగులు తిరిగి పంపడం వల్లే, అది కూడా ఒప్పుకోవాలి. మిడ్‌వే దీవిలో 1956లో రింగ్ వేసిన విజ్డమ్ అనే లేసన్ ఆల్బట్రాస్ (పెద్ద సముద్రపక్షి) 2024 చివర్లో కూడా గుడ్డు పెట్టింది, రింగ్ లేకపోతే అది అదే పక్షి అని ఎవరికీ తెలిసేది కాదు.

రంగు రింగులైతే దూరం నుంచే బైనాక్యులర్‌తో చదవొచ్చు. ఏ కాలికి, పైన ఏ రంగు, కింద ఏ రంగు, అక్షరాలు ఉంటే అవి, ఈ వరసలో రాసుకోండి. కుడి ఎడమ అన్నది పక్షి కుడి ఎడమ, మీది కాదు. చదవడానికని పక్షిని పట్టుకోవడం, తరమడం చేయకండి. చచ్చిన పక్షి అయితే రింగ్ మీద నంబర్‌తోపాటు సంస్థ పేరు, చిరునామా ఉంటుంది, ఫొటో తీసి తేదీ, చోటు రాసి వాళ్లకే పంపండి. ఎక్కడ, ఎప్పుడు దాన్ని తొడిగారో వాళ్లు మీకు తిరిగి రాస్తారు.